లైసెన్సు అక్కరలేదు, నిబంధనలు తప్పవు
గ్రామములలో విద్యుత్ వాహనముల ఛార్జింగు కేంద్రములు – రైతులు, గ్రామాధికారులు తెలిసికొనవలసిన విషయములు

— ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)

తెల్లవారుజామున కూరగాయల గంపలతో రైతుబజారునకు పోవు బండ్లలో ఇప్పుడు బ్యాటరీ ఆటోలు కూడ చేరినవి. పాలకేంద్రమునకు క్యానులు చేరవేయుటకు, దుకాణమునుండి ఎరువు బస్తాలు తెచ్చుటకు, పొలమునకు పోయివచ్చుటకు బ్యాటరీ బండ్లను వాడు రైతులు పెరుగుచున్నారు. వీటికి డీజిలు అక్కరలేదు. కాని, ఎడ్లకు మేత ఎట్లో వీటికి ఛార్జింగు అట్లు. ఆ మేత ఎక్కడ దొరకును? ఎవరు పెట్టవచ్చును? పెట్టుటకు ఏ అనుమతులు కావలెను? రోడ్డు ప్రక్క కొద్దిపాటి స్థలమున్న రైతులును, పంచాయతీ ఆదాయము పెంచదలచిన గ్రామాధికారులును ఇటీవల ఈ ప్రశ్నలను తరచుగా అడుగుచున్నారు. వారికి ఉపయోగపడునట్లు ముఖ్య విషయములను ఈ దిగువ వివరించుచున్నాము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

కరెంటు అమ్ముటకు 2003 నాటి విద్యుత్ చట్టము క్రింద లైసెన్సు ఉండవలెను. అయితే బండి బ్యాటరీకి ఛార్జింగు చేయుట కరెంటు అమ్మకము కాదనియు, అది ఒక సేవ మాత్రమేననియు కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 ఏప్రిల్ 13న స్పష్టపరచినది. అదే సంవత్సరము డిసెంబరు 14న వెలువడిన మార్గదర్శకములలో, ఛార్జింగు కేంద్రమును ఎవరైనను లైసెన్సు లేకుండ నెలకొల్పవచ్చునని చెప్పబడినది. తరువాత 2019, 2022, 2024 సంవత్సరములలో వీటిని సవరించిరి. 2024 సెప్టెంబరు 17న వెలువడిన మార్గదర్శకములలోను ఈ మూలసూత్రము మారలేదు.

అనగా రైతు పెట్టవచ్చును, రైతు సంఘము పెట్టవచ్చును, మహిళా సంఘము పెట్టవచ్చును, పంచాయతీ పెట్టవచ్చును. అయితే ఆ స్వేచ్ఛకు ఒక షరతు కలదు. సాంకేతిక ప్రమాణములు, భద్రతా నియమములు పూర్తిగా పాటించిన వారికే ఆ హక్కు. లైసెన్సు అక్కరలేదన్న మాటను మాత్రమే విని, షరతును మరచిన చోటనే చిక్కులు వచ్చుచున్నవి.

మోటారు సర్వీసునుండి ఛార్జింగు వద్దు

ముందుగా ఒక హెచ్చరిక. పొలములోని పంపుసెట్టు స్టార్టరు పెట్టెనుండి ఒక వైరు లాగి బండికి పెట్టుట కొన్నిచోట్ల అలవాటగుచున్నది. "ఉచిత కరెంటే గదా" అని అనుకొనుచున్నారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయిన ఉచిత విద్యుత్తు పంటకు నీరు పెట్టుటకు ఇచ్చినది. ఇతర పనికి వాడిన యెడల అది అనధికార వినియోగమగును.

విద్యుత్ చట్టము 126వ సెక్షను ప్రకారము అట్టి వాడకమునకు, ఆ పనికి వర్తించు ధరకు రెండింతలు వసూలు చేయుదురు. ఎంత కాలమునుండి వాడినదీ తేలని యెడల, తనిఖీకి ముందు పన్నెండు నెలలు వాడినట్లు లెక్కింతురు. ఒక ఉదాహరణ చూడుడు. సరుకుల ఆటోకు రోజుకు 8 యూనిట్లు పట్టినదనుకొందము. సంవత్సరమునకు 2,920 యూనిట్లు. లెక్క కొరకు యూనిట్ ధర 6 రూపాయలనుకొన్నచో 17,520 రూపాయలు. దానికి రెండింతలు 35,040 రూపాయలు. సక్రమముగా కనెక్షను తీసికొని వాడుకొన్నచో పోయెడి సొమ్మునకు ఇది రెట్టింపు. ఇంతటితో ఆగకపోవచ్చును. ఒక పనికి ఇచ్చిన కరెంటును మరియొక పనికి దురుద్దేశముతో వాడుటను 135వ సెక్షను దొంగతనముగా పరిగణించుచున్నది. దానికి మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని పడవచ్చును.

ధనము మాట అటుంచుడు, ప్రాణము మాట చూడుడు. మోటారు దగ్గర నేల ఎప్పుడును తడిగా నుండును. అక్కడ ఎర్తు సరిగా నుండుట అరుదు. ఈ విషయమును మరల ప్రస్తావింతుము.

మీ సొంత బండిని ఇంటివద్ద, ఇంటి కనెక్షనుమీద ఛార్జింగు చేసికొనుటకు అభ్యంతరము లేదు. మంజూరయిన లోడుకు మించకుండ చూచుకొన్న చాలును. బండి కొరకు వేరుగా కనెక్షను కోరు హక్కు కూడ 2024 ఫిబ్రవరి సవరణ ద్వారా వినియోగదారులకు లభించినది. ఊరివారి బండ్లకు, దారిన పోవు బండ్లకు రుసుము తీసికొని ఛార్జింగు చేయదలచినప్పుడు మాత్రము అది ప్రజా ఛార్జింగు కేంద్రమగును. దానికి ఆ తరగతి క్రింద కనెక్షను తీసికొనవలెను.

ఎంత లోడు కావలెను?

కేంద్రము పెట్టదలచిన వారు మొదట తేల్చుకొనవలసినది లోడు. దీనిని మనకు తెలిసిన గుర్రపుశక్తి లెక్కలో చూచిన సులభముగా అర్థమగును.

ద్విచక్ర వాహనము బ్యాటరీ నిండుటకు సుమారు 2 నుండి 4 యూనిట్లు, మూడు చక్రముల ఆటోకు 7 నుండి 11 యూనిట్లు, కారుకు 20 నుండి 45 యూనిట్ల వరకు పట్టును. 15 ఆంపియర్ల సాకెట్టునుండి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కును. కావున ద్విచక్ర వాహనములకు, ఆటోలకు ఇది చాలును. ఆటో మూడు, నాలుగు గంటలలో నిండును. కార్ల కొరకు 7.4 కిలోవాట్ల ఛార్జరు పెట్టిన యెడల అది రెండు అయిదు గుర్రపుశక్తి మోటార్లతో సమానము. రహదారులమీద అరగంట, గంటలో కారు నింపు 60 కిలోవాట్ల వేగపు ఛార్జరు పెట్టిన యెడల అది పదునారు అయిదు గుర్రపుశక్తి మోటార్లు ఒక్కసారి తిరుగుటతో సమానము.

పొలములలో నిలిపిన 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు ఆ ఒక్క ఛార్జరునే మోయజాలదు. అనుమతి లేకుండ పెట్టిన యెడల ట్రాన్స్‌ఫార్మరు కాలును. నాట్లు వేసిన సమయములో అది కాలిన, నష్టపోవునది దానిక్రింద ఉన్న ఇరుగుపొరుగు రైతులందరును. ఒకరి వ్యాపారమునకు పదిమంది మళ్ళు ఎండరాదు. లోడు ముందుగా మంజూరు చేయించుకొనవలెననుటలోని ఆంతర్యమిదే.

గ్రామములో ప్రారంభించువారికి మా సలహా ఏమనగా, మొదట రెండు లేక మూడు సాకెట్లతో చిన్న కేంద్రము పెట్టుడు. ఆటోలు ఎన్ని వచ్చుచున్నవో ఆరు నెలలు చూచి, తరువాత పెంచుకొనుడు. రోడ్డుమీద కార్లు తిరుగుచున్నవి గదా అని అప్పుచేసి పెద్ద ఛార్జరు తెచ్చుట మంచిది కాదు. జాతీయ రహదారుల వెంట ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపుల ఒక్కొక్క కేంద్రముండవలెనని 2022 మార్గదర్శకములలో చెప్పిరి. మీ స్థలమునకు అటునిటు ఇప్పటికే కేంద్రములున్నవేమో విచారించుకొనుడు.

స్థలము, దారి

స్థలము వ్యవసాయభూమి అయిన యెడల, దానిని వ్యవసాయేతర వినియోగమునకు వాడుటకు ముందు మీ రాష్ట్రములోని నిబంధన ఏమిటో తహశీల్దారు కార్యాలయములో అడిగి తెలిసికొనుడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఈ పద్ధతి ఒకే రీతిగా లేదు. పాత కాగితములనుబట్టి, ఇతరుల మాటలనుబట్టి నడువవలదు.

స్థలము 16వ నంబరు, 44వ నంబరు, 65వ నంబరు వంటి జాతీయ రహదారులను ఆనుకొనియున్న యెడల, రహదారినుండి లోనికి దారి తీయుటకు రహదారుల అధికారుల అనుమతి వేరుగా కావలెను. జాతీయ రహదారుల భూమి, రవాణా నియంత్రణకు 2002లో ప్రత్యేక చట్టము చేసిరి. రోడ్డు అంచున బండ్లు నిలిపి ఛార్జింగు చేయించుట ప్రమాదకరము. బండి పూర్తిగా మీ స్థలములోనికి వచ్చి, వెనుకకు నడుపకుండ మరల బయటకు పోవునట్లు దారి ఏర్పరచుడు.

గడ్డివామి, ప్రత్తి నిలువలు, డీజిలు పీపాలు, పురుగుమందుల గది ఉన్నచోట ఛార్జింగు పెట్టరాదు. నీరు నిలువని మెరక స్థలమును ఎన్నుకొనుడు. బ్యాటరీలకు ఎండదెబ్బ మంచిది కాదు. కనుక పైన రేకుల పందిరి ఉండవలెను.

దరఖాస్తు

భూమి కాగితములు, స్థలపు పటము, ఛార్జర్ల వివరము, కావలసిన లోడు చూపుచు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేయవలెను. దరఖాస్తు అన్నివిధముల పూర్తిగా నున్న యెడల గ్రామప్రాంతములలో 15 దినములలో కనెక్షను ఇయ్యవలెనని 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమములు చెప్పుచున్నవి. కొండ ప్రాంతపు గ్రామములకు ఈ గడువు 30 దినములు. కొత్త లైను లాగవలసియున్నను, సబ్‌స్టేషను సామర్థ్యము పెంచవలసియున్నను ఇంకను ఎక్కువ కాలము పట్టును. దరఖాస్తు అందినట్లు తేదీతో రశీదు తప్పక తీసికొనుడు. గడువు ఆ తేదీనుండియే లెక్కకు వచ్చును.

ఛార్జింగు కేంద్రములకు కరెంటు ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించును. ఉదయము 9 గంటలనుండి సాయంత్రము 4 గంటలవరకు, అనగా సూర్యవిద్యుత్తు సమృద్ధిగా నుండు వేళ, ధర సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు ఉండవలెననియు, తక్కిన వేళలలో 1.3 వంతు ఉండవచ్చుననియు 2024 మార్గదర్శకములు సూచించినవి. మీ రాష్ట్రములో ఇది ఎట్లు అమలగుచున్నదో కనెక్షను తీసికొనునప్పుడే అడుగుడు. తెల్లవారుజామున మార్కెట్టునకు పోయిన ఆటో పది గంటలకు తిరిగి వచ్చును. పగటిపూటయే ఛార్జింగు చేసికొనుట అట్టివారికి అన్నివిధముల అనుకూలము.

భద్రతా నియమములు – వాటి కారణములు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తన భద్రతా నిబంధనలలో ఛార్జింగు కేంద్రముల కొరకు 2019లో ప్రత్యేక అధ్యాయము చేర్చినది. 2023లో వెలువడిన కొత్త నిబంధనలలోను ఇది కొనసాగినది. వాటిలో గ్రామమునందు తప్పక తెలిసియుండవలసిన వాటిని కారణములతో వివరించుచున్నాము. కారణము తెలిసిన నియమమును ఎవరును నిర్లక్ష్యము చేయరు.

1. ఎర్తు: బండి రబ్బరు చక్రములమీద నిలిచియుండును. లోపల ఫేజు వైరు ఎక్కడనైన రాపిడికి చెడి బండి ఇనుమునకు తగిలిన యెడల, ఆ కరెంటు భూమిలోనికి పోవుటకు దారి ఉండదు. బండి చూచుటకు మామూలుగానే ఉండును. వట్టి కాళ్ళతో తడినేలమీద నిలిచి దానిని మొదట తాకిన మనిషియే ఆ దారి యగును. అందుచేత బండికి ఎర్తు తెగిన వెంటనే సరఫరా దానంతట అదే ఆగిపోవు ఏర్పాటు ఉండవలెనని నిబంధన. ఎర్తు గుంటలు సక్రమముగా త్రవ్వించి, వేసవిలో వాటిలో నీరు పోయుచుండవలెను.

2. ప్రాణరక్షక స్విచ్చి: ఎలక్ట్రీషియనులు దీనిని ఆర్.సి.సి.బి. అందురు. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రానప్పుడు, అనగా కొంత మరియొక దారిని పోవుచున్నప్పుడు, ఇది రెప్పపాటులో సరఫరాను ఆపును. ఛార్జింగు కేంద్రములో ఇది 30 మిల్లీ ఆంపియర్లకు మించని రకమై ఉండవలెను. 100 వాట్ల పాత బల్బు తీసికొను కరెంటులో ఇది పదునాలుగవ వంతు మాత్రమే. అంతకంటె పెద్దది పెట్టిన, అది పడిపోవులోపల మనిషి పడిపోవచ్చును. మామూలు ఎం.సి.బి. వైరును కాపాడునే గాని మనిషిని కాపాడదు. రెండును ఉండవలెను. స్విచ్చి మాటిమాటికి పడుచున్నదని దానిని తప్పించి వైరు కలుపుట ప్రాణముతో చెలగాటమే. అది పడుచున్నదనగా ఎక్కడనో లోపమున్నదని మీకు చెప్పుచున్నదన్నమాట.

3. సాకెట్టు ఎత్తు: నేలకు 800 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులకు పైన ఉండవలెను. వానకు చిందిన నీరు, పసిపిల్లల చేతులు అందకుండుటకు ఇది మేలు.

4. పొడిగింపు వైర్లు: బండితో వచ్చిన కేబులుకు మరియొక వైరు కలిపి పొడిగించుట నిషిద్ధము. చేతితో మోసికొని పోవు సాకెట్టు పెట్టెలు కూడ పనికిరావు. ఇంటిలో మిక్సీ అయిదు నిమిషములు తిరిగి ఆగును. ఛార్జింగు మూడు, నాలుగు గంటలు ఆగకుండ సాగును. సన్నని వైరు, వదులు అతుకు మొదటి గంట ఓర్చుకొన్నను రెండవ గంటలో కరుగును. ఈ కారణముచేతనే బండిని ఛార్జింగు పాయింటునకు 5 మీటర్లలోపల, అనగా సుమారు 16 అడుగులలోపల నిలుపునట్లు స్థలమును అమర్చవలెనని నిబంధన.

5. పిడుగు: కేంద్రమునకు పిడుగునుండి రక్షణ ఏర్పాటు ఉండవలెను. బయలు పొలములమధ్య ఒంటిగా నిలుచు పందిరికి ఇది మరింత ముఖ్యము.

6. సామగ్రి: ఛార్జర్లు, ప్లగ్గులు భారతీయ ప్రమాణముల సంస్థ 17017 వరుస ప్రమాణములకు సరిపోవలెను. చవుకగా దొరికినదని గుర్తులేని పెట్టెను కొనరాదు. కొనునప్పుడే పరీక్షా ధ్రువపత్రపు ప్రతిని అడిగి తీసికొనుడు.

వైరింగు పనిని లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుచేతనే చేయింపవలెను. మోటార్లు బాగుచేయు పనివాడు ఎంత నేర్పరియైనను, ధ్రువపత్రముపై సంతకము చేయు అధికారము అతనికి లేనప్పుడు ఆ పని చెల్లదు.

పరీక్ష, నమోదు, లెక్కలు

కరెంటు ఎక్కించుటకు ముందు కేంద్రమును పరీక్ష చేయింపవలెను. దీనికై మీ జిల్లాలోని విద్యుత్ తనిఖీ అధికారి కార్యాలయమును సంప్రతించుడు. తరువాత కూడ క్రమము తప్పక పరీక్షలు జరిపించి, తేదీలు, కనబడిన లోపములు, వాటిని సరిచేసిన విధము ఒక పుస్తకములో వ్రాసియుంచుట యజమాని బాధ్యత. ప్రమాదము జరిగినప్పుడు మిమ్ములను ముందుగా అడుగునది ఈ పుస్తకమునే.

ప్రజా కేంద్రముల వివరములను ఇంధన పొదుపు సంస్థ నిర్వహించు జాతీయ పట్టికలో నమోదు చేయింపవలెను. "ఈ.వి. యాత్ర" అను పేర 2022లో ప్రారంభమయిన ఈ ఏర్పాటువలన దూరపు ప్రయాణికులకు మీ కేంద్రము ఎక్కడనున్నదో ఫోనులో తెలియును. నమోదు చేయుట నియమపాలనయే కాక ఖర్చులేని ప్రచారము కూడ.

యూనిట్ ధర, పని వేళలు, అత్యవసర ఫోను నంబరు వ్రాసిన పలకను తెలుగులో, అందరికి కనబడునట్లు కట్టుడు. మీటరు బండివానికి కనబడవలెను. తూకము కనబడని కాటావద్ద ధాన్యము అమ్ముట మనకు ఇష్టముండునా? ఇదియు అంతే.

ఏటేటా చేయవలసిన పనులు

మృగశిర కార్తెకు ముందే పందిరి కప్పు, పెట్టెల మూతలు, కేబుళ్ళ తొడుగులు చూచుకొనుడు. ఎలుకలు కొరికిన కేబులుకు టేపు చుట్టి వాడక, మార్చి వేయుడు. ఆర్.సి.సి.బి. మీదనున్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి, అది పడుచున్నదో లేదో చూడుడు. గాలివాన, వరద వచ్చిన యెడల ముందుగా మెయిను ఆపుడు. నీరు తీసిన తరువాత పరీక్ష చేయించిగాని మరల వాడవలదు.

బ్యాటరీనుండి పొగ వచ్చిన యెడల మెయిను ఆపి, మనుష్యులను దూరముగా పంపి, అగ్నిమాపక దళమునకు 101 నంబరుకు ఫోను చేయుడు. సామాను దించుకొందమని దగ్గరకు పోరాదు. బ్యాటరీ మంటలు ఆరినట్లు కనబడి మరల రగులుకొనుట కలదు.

గ్రామాధికారులకు

సంతస్థలము, పంచాయతీ కార్యాలయ ప్రాంగణము, బస్సు ఆగు చోటు వంటి ప్రభుత్వ స్థలములు ఛార్జింగునకు అనుకూలమైనవి. ఇట్టి స్థలములను ప్రభుత్వ సంస్థలకు ఇచ్చి, ఛార్జింగునకు వాడిన యూనిట్‌కు 1 రూపాయి చొప్పున ఆదాయము పొందు పద్ధతిని 2022 మార్గదర్శకములు సూచించినవి. ప్రైవేటువారికైనచో, ఆ 1 రూపాయిని కనీస ధరగా పెట్టి పోటీ ద్వారా ఇయ్యవచ్చును. రోజుకు 100 యూనిట్లు వాడుకయైన, సంవత్సరమునకు 36,500 రూపాయలు పంచాయతీకి చేరును. తీర్మానము వ్రాయునప్పుడే భద్రతా పరీక్ష, నిర్వహణ, భీమా బాధ్యత ఎవరిదో స్పష్టముగా వ్రాయుడు. తరువాత వివాదము రాదు.

మీ గ్రామములో పంపుసెట్టునుండి బండ్లకు వైర్లు లాగుచున్నట్లు కనబడిన యెడల, తనిఖీ వచ్చువరకు ఊరకుండక, వారిని పిలిచి ఇందలి ప్రమాదమును చెప్పుడు. పది మాటలతో పోవు పనిని జరిమానా వరకు, అంతకంటె శవపంచాయతీ వరకు రానీయరాదు.

క్రమము మరువవలదు

రైతు సోదరులారా! మొదట స్థలము, పిదప లోడు మంజూరు, పిదప లైసెన్సు గల కాంట్రాక్టరు, పిదప పరీక్ష, ఆ పిమ్మట కరెంటు, నమోదు. ఈ క్రమమును తలక్రిందులు చేసి, ముందు ఛార్జరు కొని తరువాత కాగితములకు తిరిగినవారు డబ్బును, కాలమును పోగొట్టుకొందురు. దుక్కి దున్నక విత్తినవాని పంట వంటిదే ఆ వ్యాపారము.

మీ స్థలపు కాగితములు, కావలసిన లోడు వివరము తీసికొని, మీ సెక్షను అసిస్టెంటు ఇంజనీరు కార్యాలయమునకు పోయి మాటాడుడు. ట్రాన్స్‌ఫార్మరుమీద ఎంత ఖాళీ ఉన్నదో, కొత్త లైను కావలెనో లేదో అక్కడ తెలియును. ఖర్చు లెక్క దానిమీదనే ఆధారపడియుండును. కావున అడ్వాన్సు ఇచ్చుటకు ముందే ఈ పని చేయుడు.